మెట్ట నేల మీద నడక: చలన శాస్త్రం, ఊత పరికరాలు, వింజమూరు సీమ

మనిషి కదలికను కొలిచి, ఆ కొలతల ఆధారంగా కృత్రిమ కాళ్లను, ఊత పట్టీలను, చక్రాల కుర్చీలను రూపొందించే విద్యకు పునరావాస ఇంజనీరింగ్ అని పేరు. ఎముకలను మీటలుగా, కీళ్లను మడతబందులుగా, కండరాలను లాగే తాళ్లుగా భావించి, అడుగు పడిన ప్రతి క్షణంలో ఏ కీలు మీద ఎంత బలం పడుతుందో లెక్కగట్టే పద్ధతి ఈ విద్యకు పునాది. ఆ లెక్కల్లో అత్యధిక భాగం చదునైన ప్రయోగశాల గచ్చు మీద, పాశ్చాత్య దేహాల మీద తయారైంది. నెల్లూరు జిల్లా వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మెట్టలో మనిషి నడిచే నేల వేరు, కూర్చునే తీరు వేరు, కాళ్లు చెడే కారణాల్లో కొన్ని సైతం వేరు. యాంత్రిక సూత్రాలు ఊరిని బట్టి మారవు. ఆ సూత్రాల్లో పెట్టవలసిన అంకెలు మాత్రం మారతాయి. ఆ అంకెలను ఈ నేల మీదనే సేకరించాలన్నది ఈ ఉపన్యాసం చేసే ప్రతిపాదన.

ముందుగా నడక ఎలా సాగుతుందో చూడాలి. ఒక మడమ నేలను తాకినప్పటి నుంచి అదే మడమ మళ్లీ నేలను తాకేవరకు జరిగేదంతా ఒక నడక చక్రం. అందులో సుమారు 60 శాతం కాలం ఆ కాలు నేల మీద ఉండి బరువు మోస్తుంది, మిగిలిన 40 శాతం గాలిలో ముందుకు ఊగుతుంది. పాదం నేలను ఎంత బలంతో నొక్కుతుందో నేల అంతే బలంతో పాదాన్ని తిరిగి నెడుతుంది కనుక, న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం పుట్టే ఈ ఎదురుబలాన్ని నేల ప్రతిచర్య బలం అంటారు. మామూలు నడకలో అది ఒక్కో అడుగుకు రెండుసార్లు శరీర బరువును కొంచెం మించి, మధ్యలో బరువు కన్నా తగ్గుతుంది. నేలలో అమర్చిన బలమాపక పలకలు ఈ హెచ్చుతగ్గులను నమోదు చేస్తాయి, దేహం మీద అంటించిన గుర్తులను పరారుణ కెమెరాలు వెంటాడుతాయి, ఈ రెండింటినీ కలిపి తుంటి, మోకాలు, చీలమండల వద్ద పుట్టే తిప్పుబలాలను వెనక్కు లెక్కగడతారు. శరీరాన్ని కోయకుండానే లోపలి బలాలను తెలుసుకునే ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు ఇంజనీరింగ్ వైద్యానికి ఇచ్చిన గొప్ప కానుకల్లో ఒకటి.

ఈ పద్ధతి ఒక్కనాటిది కాదు. జర్మనీలో బ్రౌన్, ఫిషర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సైనికుడి అవయవాలకు వెలిగే గాజు గొట్టాలు కట్టి చీకట్లో ఫొటోలు తీసి, ఆ కొద్ది అడుగుల గణితాన్ని 1895 నుంచి 1904 వరకు భాగాలుగా ప్రచురించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్న సైనికుల కోసం కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఇన్మన్ అనే ఎముకల వైద్యుడు, ఎబర్‌హార్ట్ అనే సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు కలిసి నడకను మళ్లీ మొదటినుంచి అధ్యయనం చేశారు. ఎబర్‌హార్ట్ తానే యుద్ధకాలపు ప్రమాదంలో కాలు కోల్పోయిన మనిషి. శరీరంలో తొడ ఎంత శాతం, పిక్క ఎంత శాతం, వాటి గరిమనాభి ఎక్కడ అన్న పట్టికలను డెంప్‌స్టర్ 1955లో ఎనిమిది వృద్ధ శ్వేతజాతి పురుషుల మృతదేహాలను తూచి తయారుచేశాడు. పాఠ్యపుస్తకాల్లో ఆ పట్టికలు దశాబ్దాల పాటు కొనసాగాయి. పల్చటి దేహంతో, ఎండలో కష్టపడే పొగాకు కూలీ నడకను లెక్కగట్టేటప్పుడు సైతం విద్యార్థి చేతికి ముందుగా అందేవి ఆ ఎనిమిదిమంది అంకెలే కావడం వింత కాదు గాని, అది గమనించవలసిన విషయం.

మెట్ట నేల ఈ లెక్కలకు పెట్టే మొదటి పరీక్ష అడుగు ఎత్తు. చదునైన నేల మీద ఆరోగ్యవంతుడు నడిచేటప్పుడు, ముందుకు ఊగే కాలి బొటనవేలికి, నేలకు మధ్య మిగిలే అతి తక్కువ ఎడం దాదాపు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు మాత్రమే. శరీరం శక్తిని అంత పొదుపుగా వాడుతుంది. దుక్కి దున్నిన చేలో మట్టిపెళ్ల ఆ ఎత్తును సులువుగా మించిపోతుంది, గట్టు దాటడం సరే సరి. కాబట్టి చేలో నడిచే మనిషి ప్రతి అడుగులోనూ మోకాలిని ఎక్కువ మడిచి, తుంటిని ఎక్కువ ఎత్తి నడుస్తాడు. మోకాలు మడవలేని కృత్రిమ కాలో, పాదం పైకి లేవని పక్షవాతపు కాలో ఉన్నవాడు గచ్చు మీద బాగానే నడిచి చేలో తట్టుకుని పడతాడు. నేల మార్పుకు తగ్గ శక్తి ఖర్చును సైనిక పరిశోధకులు 1970ల ఆరంభంలో కొలిచారు: తారురోడ్డు మీది ఖర్చును ఒకటిగా తీసుకుంటే మట్టిదారి మీద 1.1, దట్టమైన పొదల్లో 1.5, వదులు ఇసుకలో 2.1. పెన్న ఇసుకలో నడిచిన ఎవరికైనా ఈ చివరి అంకె ఆశ్చర్యం కలిగించదు.

రెండవ పరీక్ష కూర్చోవడం. నడిచేటప్పుడు మోకాలు గరిష్ఠంగా 60 డిగ్రీల వరకు మడుగుతుంది. గొంతు కూర్చోవాలంటే అంతకు రెట్టింపు దాటి మడవాలి, చీలమండ కూడా బాగా ముందుకు వంగాలి. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలంటే తుంటి బయటికి తిరగాలి. పొగాకు నారు నాటడం, కలుపు తీయడం, పొయ్యి ముందు వంట, నేల మీద భోజనం, మరుగుదొడ్డి, ఇవన్నీ ఈ భంగిమల మీదనే ఆధారపడి ఉన్నాయి. కుర్చీలో కూర్చుని, కమోడు వాడి, బూటు విప్పకుండా బతికే జీవితానికి చేసిన కాలు ఇక్కడి రోజును సగం కూడా దాటించలేదు.

ఆసక్తికరమైన సంగతి ఏమంటే, ఈ విషయాన్ని ప్రభుత్వ కాగితం కూడా గుర్తించింది. నడుము కింది వైకల్యాన్ని శాతాల్లో నిర్ణయించడానికి కేంద్రం 2001లో ప్రకటించిన మార్గదర్శకాల్లో, కీళ్ల కదలికను, కండరాల బలాన్ని కొలవడంతో పాటు, నిలకడను పరీక్షించే తొమ్మిది పనులు ఉన్నాయి: చదును నేల మీద నడవడం, వాలు మీద నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడడం, గొంతు కూర్చోవడం, బాసింపట్టు వేసి కూర్చోవడం, మోకరించడం, మలుపు తిరగడం. ఒక్కో పనికి 10 చొప్పున మొత్తం 90. తెలుగు రాష్ట్రాల్లో సదరం క్యాంపు అని జనం పిలిచే చోట ఈ పరీక్షల ఫలితం ఒక శాతంగా మారి సర్టిఫికెట్‌కు ఎక్కుతుంది. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను, బస్సు పాసు వగైరాలకు దారి తెరుచుకుంటుంది. పింఛను మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు కాబట్టి ఆ అంకె చుట్టూ ఆశలు, అనుమానాలు, తగాదాలు ఉండడం సహజమే. కాని ఆ తగాదాల్లో ఒక మంచి అవకాశం మరుగున పడిపోయింది. ఆ తొమ్మిది పనులు వైకల్యాన్ని కొలిచే కొలబద్ద మాత్రమే కావు. ఇక్కడి మనిషికి పరికరం చేసే ఇంజనీరు చేతిలో ఉండవలసిన పనుల పట్టిక అదే. ఒక కృత్రిమ కాలు ఆ తొంభైలో ఎన్ని మార్కులు తిరిగి తెచ్చిపెట్టిందన్న ప్రశ్న పరిశోధన పత్రాల్లో అరుదుగా కనబడుతుంది.

తెలుగునాట ఈ విద్యకు బాగా ప్రసిద్ధికెక్కిన ఘట్టం హైదరాబాదులో జరిగింది. క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో అబ్దుల్ కలాం పనిచేస్తున్న కాలంలో, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి కార్బన్ పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూసి, తన ఆస్పత్రిలో మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడిచే పోలియో పిల్లలను కలాంకు చూపించాడు. దాని ఫలితంగా సుమారు 300 గ్రాముల కాలిపర్ తయారైంది. కలాం ఈ కథను తన రచనల్లోనూ ఉపన్యాసాల్లోనూ పదేపదే చెప్పారు, తల్లిదండ్రుల కంట తిరిగిన నీళ్లను తన జీవితపు పెద్ద ఆనందాల్లో చేర్చుకున్నారు. బరువు తగ్గడం ఎంత పెద్ద విషయమో చిన్న లెక్క చెబుతుంది: కిలోమీటరు నడకలో ఒక్కో కాలు దాదాపు ఏడువందల సార్లు గాలిలో ఊగుతుంది, ప్రతి ఊపులోనూ 2.7 కిలోలు తగ్గితే మొత్తం మీద 1,900 కిలోలకు దగ్గరగా ఎత్తి ముందుకు తోసే చాకిరీ తప్పినట్టు. అది కూడా పిక్క కింద, తుంటికి దూరంగా ఉన్న బరువు. తిరిగే వస్తువు జడత్వం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక నడుముకు కట్టుకున్న కిలో కన్నా పాదానికి కట్టిన కిలో చాలా ఎక్కువ అలసట తెస్తుంది.

అయితే ఆ కాలిపర్ విషయంలో క్షిపణి పదార్థానికి దక్కినంత ఖ్యాతి దాని రేఖాగణితానికి దక్కలేదు, అసలు తెలివి ఆ రేఖాగణితంలోనే ఉంది. పోలియో వచ్చిన వారిలో తొడ ముందు భాగపు కండరం చచ్చుబడితే, బరువు పడగానే మోకాలు ముందుకు కుప్పకూలుతుంది. ఆ ప్రమాదం తప్పించుకోవడానికి మనిషి ప్రతి అడుగులోనూ చేత్తో తొడను వెనక్కి నొక్కుకుంటూ వంగి నడుస్తాడు. పల్లెల్లో ఈ నడక చూడని పెద్దలు ఉండరు. పాత కాలిపర్ ఈ సమస్యకు చెప్పిన జవాబు మోకాలికి గడియ పెట్టి కాలిని కర్రలాగా బిగించడం. నేల ప్రతిచర్య ఊతపట్టీ అనే ఈ కొత్త కాలిపర్ చెప్పిన జవాబు పూర్తిగా వేరు. పిక్క ముందు భాగాన్ని, పాదాన్ని కలిపి ఒకే పెంకుగా చేసి, చీలమండను కాస్త కిందికి వంచిన కోణంలో కదలకుండా ఉంచితే, పాదం ముందు భాగం నేలను నొక్కినప్పుడు నేల ఎదురుబలపు రేఖ మోకాలికి వెనుక నుంచి కాక ముందు నుంచి పోతుంది. అప్పుడు ఆ బలమే మోకాలిని వెనక్కి నెట్టి నిటారుగా నిలబెడుతుంది. కండరం చేయలేని పనిని నేల చేస్తుంది. గడియ అవసరం లేదు కాబట్టి కూర్చునేటప్పుడు మోకాలు మామూలుగా మడుగుతుంది. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే మాత్రం మోకాలు కూలిపోవడమో, వెనక్కి విరుచుకోవడమో జరుగుతుంది. అందుకే ప్రతి పిల్లవాడికీ విడిగా అచ్చు తీసి, నడిపించి చూసి సరిదిద్దాలి. క్షిపణి పదార్థం ప్రయోగశాలలో పుడుతుంది, ఆ రెండు డిగ్రీల సవరణ మాత్రం రోగి ఎదుట మోకరించిన సాంకేతికుడి చేతిలో పుడుతుంది.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది, 2014 మార్చిలో మన దేశం సహా ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ప్రకటన వచ్చింది. చిన్నప్పుడు పోలియో సోకినవారు మాత్రం మన మధ్యనే ఉన్నారు, నడివయసు దాటుతున్నారు. ఆ తరానికి శస్త్రచికిత్సలు చేసిన విశాఖ వైద్యుడు సుంకర వెంకట ఆదినారాయణరావును 2022లో పద్మశ్రీ వరించింది. వంకర తిరిగిన పాదాన్ని శస్త్రచికిత్సతో నేలకు ఆనేట్టు చేయకపోతే ఏ పట్టీ కూడా పనిచేయదు కాబట్టి వైద్యుడి కత్తి, ఇంజనీరు కొలత అనే రెండూ ఇక్కడ ఒకే వరుసలో నిలుస్తాయి.

కాలు తెగినవారి సంగతి వేరు. 1968లో జైపూరులో శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేథీ కలిసి చేసిన పాదం ఈ నేలకు సరిపోయే ఆలోచన. అంతకు ముందు దొరికే విదేశీ నమూనా పాదంలో చీలమండ గట్టిగా ఉండి మడమ మాత్రం మెత్తగా ఉండేది, దానికి బూటు తప్పనిసరి, గొంతు కూర్చోవడం అసాధ్యం. జైపూరు పాదంలో వేర్వేరు గట్టిదనం ఉన్న రబ్బరు ముక్కలను, చెక్కను ఒకే అచ్చులో ఉడికించి, పాదం అన్ని వైపులకూ వంగేట్టు చేశారు. చెప్పు లేకుండా బురదలో దిగవచ్చు, గట్టు ఎక్కవచ్చు, నేల మీద కూర్చోవచ్చు. పిక్క భాగానికి తర్వాతి కాలంలో సాగునీటి పైపుల్లో వాడే గట్టి పాలిథిలిన్ గొట్టాన్ని వేడిచేసి అచ్చు మీద సాగదీసే పద్ధతి వచ్చింది, ఒక్క రోజులో కాలు తొడిగి పంపవచ్చు. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయత సమితి దీన్ని ఉచితంగా ఇస్తూ దేశమంతా తీసుకెళ్లింది. నిక్కచ్చిగా తూచి చూస్తే ఈ పాదంలో లోపాలు ఉన్నాయి, బరువెక్కువ, ఒక్కో పాదం ఒక్కో రకంగా అరుగుతుంది. అయినా ప్రయోగశాల గచ్చును కాక చేనిని ప్రమాణంగా పెట్టుకుని గీసిన నమూనా అది.

ఇటీవలి పరిశోధనలో వింజమూరు వాళ్లకు దగ్గరి కేంద్రం మద్రాసు. అక్కడి ఐఐటీలో సుజాతా శ్రీనివాసన్ నడిపించే పునరావాస పరిశోధన కేంద్రం నుంచి 2019లో కూర్చున్నవారిని నిలబెట్టే చక్రాల కుర్చీ ‘అరైజ్’, 2020లో ఒక్కొక్కరి కొలతకు తగ్గట్టు అమర్చుకునే కుర్చీ, దానికి ముందు తగిలించే మోటారు బండి, 2022లో ‘కదం’ అనే కృత్రిమ మోకాలు వెలువడ్డాయి. కదంలో ఒకే మడతబందు ఉండదు, నాలుగు కడ్డీలు కలిసి మడిచే యంత్రాంగం ఉంటుంది. కడ్డీలు కదులుతున్న కొద్దీ మడత కేంద్రం కూడా చోటు మారుతుంది: బరువు మోసేటప్పుడు అది పైకి, వెనక్కి జరిగి కాలు కూలకుండా ఆపుతుంది, ఊగేటప్పుడు కాలి పొడవును కొంచెం తగ్గించి బొటనవేలికి అదనపు ఎడం ఇస్తుంది. పైన చెప్పిన మట్టిపెళ్ల సమస్యకు ఇది సూటి జవాబు. మోకాలు 160 డిగ్రీల వరకు మడుగుతుంది కాబట్టి కిక్కిరిసిన బస్సులో కాలు అడ్డం రాదు, నేల మీద కూర్చోవడం కూడా కుదురుతుంది. తెలంగాణలో బీబీనగర్ ఎయిమ్స్, డీఆర్‌డీఎల్ కలిసి 2025 జూలైలో ఆవిష్కరించిన కార్బన్ పాదం, 125 కిలోల భారం వరకు పరీక్షకు నిలిచింది. దిగుమతి పాదం సుమారు రెండు లక్షలుంటే దీని ధర ఇరవై వేల లోపేనన్నది తయారీదారుల అంచనా. కార్బన్ పలక అడుగు పడినప్పుడు వంగి, లేచేటప్పుడు ఆ శక్తిని తిరిగి ఇస్తుంది, నడిచేవాడికి అలుపు తగ్గుతుంది. ఇవన్నీ మంచి పనులే. కృత్రిమ అవయవాల మన్నికను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం యంత్రం మీద ముప్పై లక్షల అడుగులు వేయిస్తుంది. ఆ ముప్పై లక్షల్లో గొంతు కూర్చోవడం ఒక్కసారి కూడా లేదు.

వింజమూరు సీమలో చలనాన్ని దెబ్బతీసిన కారణాల్లో పట్టీతో గాని పాదంతో గాని నయం కానిది ఒకటుంది. భూగర్భ శాస్త్రంలో వింజమూరు పేరు నెల్లూరు షిస్టు శిలామండలంతో ముడిపడి ఉంది: ఆ మండలపు కింది వరుసను వింజమూరు సమూహమని, పై వరుసను ఉదయగిరి సమూహమని పిలుస్తారు. అగ్నిపర్వత పుట్టుక గల రూపాంతర శిలలు, వాటి పక్కన గ్రానైట్లు ఉన్న ఈ మెట్టలో, వానలు తక్కువై, నీళ్లు లోతున రాతిని చాలాకాలం తాకుతూ నిలిచిపోయి, కాల్షియం తక్కువగా, క్షారం ఎక్కువగా ఉన్నచోట బయోటైటు, అపటైటు వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మేలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు భరించవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే ఎముక ఖనిజంలోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరిన్ చేరి ఎముక దట్టంగా, పెళుసుగా మారుతుంది. కీళ్లను కట్టి ఉంచే స్నాయువులు కూడా సున్నం పట్టి గట్టిపడతాయి.

మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధికి తొలి శాస్త్రీయ వర్ణన నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే మద్రాసు ప్రభుత్వ శాస్త్రజ్ఞులు 1937లో ప్రచురించిన పత్రం పేరులోనే నెల్లూరు జిల్లా ఉంది. తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఈ జిల్లాలోవే. ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవారు చెప్పే మరో సంగతి చలన శాస్త్రానికి ముఖ్యమైనది: మనుషుల్లో వ్యాధిని గుర్తించక ముందే రైతులు ఎద్దుల నడకలో దాన్ని కనిపెట్టారు, కీళ్లు బిగుసుకుని నొప్పితో కదలలేని ఎద్దు దున్నలేదు. ఆ రోజుల్లో ఎద్దు నడక మీద రైతుకు ఉన్న చూపు ఏ ప్రయోగశాల కెమెరాకూ తీసిపోదు. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా రోగులను వర్ణించాడు, 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే పిల్లల గురించి లాన్సెట్‌లో రాశారు. వెన్నుపూసల నడుమ ఎముక పెరిగి వెన్నుపామును నలిపి కాళ్లు చచ్చుబడే దశను నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి విస్తారంగా అధ్యయనం చేశారు.

ఇలా బిగుసుకున్న దేహం ఇంజనీరుకు ఎదురయ్యే కఠినమైన ప్రశ్న. పోలియోలో బలం పోతుంది, కదలిక మిగులుతుంది. కాలు తెగితే ఒక భాగం పోతుంది, మిగిలిన దేహం మామూలే. ఫ్లోరోసిస్‌లో బలం కొంతవరకు మిగిలి కదలికే పోతుంది, అదీ వెన్ను, తుంటి, మోకాళ్లు అన్నింటిలోనూ ఒకేసారి. వెన్ను వంగి నిటారు కాలేకపోతే గరిమనాభి పాదాల ముందుకు జరుగుతుంది. పడిపోకుండా ఉండడానికి మోకాళ్లు మడిచి నడవాలి. మోకాళ్లు మడిచి నడిస్తే తొడ కండరం నిలబడినంతసేపూ బిగిసే ఉండాలి. ప్రయోగశాలలో ఈ గొలుసును అందంగా లెక్కగట్టవచ్చు గాని దాన్ని విప్పే పరికరం ఇప్పటికి లేదు. కాబట్టి ఇక్కడ చలన ఇంజనీరింగ్ మొదలయ్యే చోటు బావి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును దించే విధానాన్ని నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించి నల్గొండ పేరు పెట్టింది. వాననీటిని, నది నీటిని తెచ్చి ఇవ్వడం అంతకన్నా ఖాయమైన దారి. ఒక ఊరి నీళ్లు మారితే ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో అవసరమయ్యే ఊతకర్రల సంఖ్య మారుతుంది. పునరావాస శాస్త్రంలో నీటి సరఫరాను పాఠంగా చేర్చడం విడ్డూరమని తోచవచ్చు, ఈ సీమలో అది తొలి పాఠం.

ఊతకర్ర ప్రస్తావన వచ్చింది కాబట్టి ఖర్చు లేని ఒక ఇంజనీరింగ్ సత్యం చెప్పడం న్యాయం. ఒంటి కాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు మీద శరీర బరువుకు రెండున్నర, మూడు రెట్ల బలం పడుతుంది, ఎందుకంటే పక్క కండరం కీలుకు అయిదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉండి దేహాన్ని పక్కకు ఒరగకుండా లాగాలి. కర్రను నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకుంటే అది కీలుకు అరమీటరు దూరంలో పనిచేస్తుంది. మీట పొడవు పదింతలైంది కనుక చేతిలో కొద్దిపాటి నొక్కుడుతోనే కండరం లాగవలసిన బలం చాలా తగ్గుతుంది. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టడం ఊళ్లలో సర్వసాధారణం. కుడికాలు నొప్పి ఉన్నవాడి కర్ర ఎడమ చేతికి మారితే చాలు, మందుల కన్నా ముందు ఉపశమనం కనబడుతుంది.

చక్రాల కుర్చీకి ఊరి ఇల్లు పెట్టే చిక్కులు కూడా అంకెల్లోకి వస్తాయి. వాలు ఒకటికి పన్నెండును మించకూడదని నిబంధనలు చెబుతాయి, అంటే అరుగు అరమీటరు ఎత్తుంటే వాలుదారి ఆరు మీటర్లు పొడవుండాలి. వీధి అంత వెడల్పు లేని ఇళ్లు ఎక్కువ. గడప మరో అడ్డంకి. ముందు చిన్న చక్రం వ్యాసార్థం గడప ఎత్తుకు దగ్గరైన కొద్దీ, ఎక్కించడానికి కావలసిన నెట్టుడు వేగంగా పెరిగిపోతుంది. చిన్న చక్రాలు ఉన్న ఆస్పత్రి కుర్చీ పల్లెలో మూలన పడి, చేతులతో తొక్కే మూడు చక్రాల సైకిల్ తిరగడానికి కారణం రోగుల అయిష్టత అనుకునే అధికారులు ఉన్నారు. కారణం చక్రం వ్యాసం.

పరికరం ఇచ్చాక వచ్చేది మరమ్మతు. తోలు పట్టీ తెగినా, మొండి కాలు దూర్చే సాకెట్ అంచు ఒరిసి పుండుపడినా, బేరింగు అరిగినా బాధితుడు నెల్లూరుకో అంతకన్నా దూరానికో పోవాలి, దానికి రోజు కూలి, బస్సు చార్జీ, తోడొచ్చే మనిషి కావాలి. కార్బన్ పాదం చిట్లితే ఊళ్లో అతికే దారి లేదు. పాలిథిలిన్ పిక్క చిట్లితే వేడిగాలి మిషనున్న పైపుల దుకాణంలో తాత్కాలికంగా సరిచేయవచ్చు. తేలికదనంతో పాటు ఈ తేడాను కూడా నమూనా గీసేటప్పుడు తూకంలో వేయాలి. ఉదయగిరిలో కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కే చేతులు తరతరాలుగా ఉన్నాయి. కొయ్య పోగు దిక్కు, తడిని బట్టి అది వంగే తీరు తెలిసిన చేతులకు సాకెట్ లోపలి ఒరిపిడిని గుర్తించి అరగదీయడం నేర్పడం కష్టం కాదు.

ఇక్కడి నడకను, కూర్చునే తీరును కొలవడానికి ఇప్పుడు బలమాపక పలకలున్న ప్రయోగశాలే అక్కర్లేదు. ఫోనులో ఉండే త్వరణమాపకం, భ్రమణమాపకం అనే చిన్న సెన్సార్లను పిక్కకూ నడుముకూ కట్టి, మనిషిని చేలో నడిపించి, అడుగు కాలం, మోకాలి మడత, బొటనవేలి ఎడం అంచనా కట్టవచ్చు. ఫోను కెమెరాతో దేహపు కీళ్లను గుర్తించే ప్రోగ్రాములు సైతం ఉన్నాయి. సదరం క్యాంపులో వైద్యుడి ముందు ఎలాగూ చేయించే ఆ తొమ్మిది పనులను పరికరం లేకుండా ఒకసారి, పరికరంతో ఒకసారి చేయించి, వ్యక్తి అనుమతితో, పేరు తీసేసి నమోదు చేస్తే, మెట్ట మనిషి దేహపు అంకెలు మొదటిసారి ఒకచోట చేరతాయి. ఆ నమోదు ఆస్పత్రి వరండాతో పాటు క్యాంపు బయటి మట్టి మీద కూడా జరగాలి, చెప్పులతో ఒకసారి, చెప్పులు లేకుండా ఒకసారి.